ఓదా

మూడు మ్యాచ్‌లకి పద్దెనిమిది వేలు,
రెండు పూటలా చేపల పులుసు,
ఐస్ ఫ్యాక్టరీ మేడమీద నులకమంచం.
ఇదీ మా జట్టు రాసుకున్న ఒప్పందం.
కాగితం నా స్కోరు పుస్తకంలోంచే చింపారు.

బరంపురం అవతల ఏదో ఊరట.
ఎడమచేతి వాటం.
టెన్నిస్ బంతితో మొగల్తూరు జట్టుని
ఇరవై రెండు పరుగులకి చుట్టేసిన మనిషి.
అదెప్పుడని అడిగితే మాత్రం
అందరూ కాలవ వైపు చూస్తారు.

"పుష్కరాలకి ముందు," అన్నాడు గుబ్బల తాతారావు.
"ఏ పుష్కరాలకి?" అన్నాడు క్షౌరం కొట్లోంచి సోమలింగం,
కత్తెర ఆపకుండా.

వారం రోజులు ఇదే తగువు.
మేత బస్తాలు దించే చోట, ఏరియేటర్ల హోరులో,
ఒకడి మాట ఒకడికి సగమే వినపడుతూ.
"నలభై కౌంటు రొయ్యకి ధరుంది గానండీ,
నలభై ఏళ్ళ భుజానికేటండి ధర?"
"భుజం కాదెహె, మణికట్టు. మణికట్టుకి వయసుండదు."
"మా అమ్మ మణికట్టుకుంది.
రొయ్య తలలు ఒలిచీ ఒలిచీ చెంబెత్తలేకపోతంది,"
అన్నాడు కొల్లాటి ఏడుకొండలు.
దానికెవరూ మారు చెప్పలేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఎవరూ నోటితో అనలేదు.
ఏసుబాబు ఎక్కడ కూర్చుంటాడు?
కిందటేడు తొమ్మిది వికెట్లు, నా లెక్కే, తప్పులేదు.
ఫైనల్లో మాత్రం ఆఖరి ఓవర్‌కి పంతొమ్మిది ఇచ్చాడు.
ఆ పంతొమ్మిదీ ఊరింకా వడ్డీతో వసూలు చేస్తోంది.
పెళ్ళి పంక్తిలో పంతొమ్మిది.
రేషన్ బియ్యం దగ్గర పంతొమ్మిది.

శుక్రవారం నరసాపురం బస్సు దిగాడాయన.
చిన్న సంచి. నెరిసిన కణతలు. మోకాలికి పట్టీ.
దండ పట్టుకెళ్ళిన కుర్రాళ్ళు
వెనకాల ఇంకెవరన్నా దిగుతారేమోనని చూశారు.

టీ వద్దన్నాడు. గ్రౌండు చూపించమని సైగ.
దాళ్వా కోసిన చేను, రెండువైపులా చెరువులు.
పిచ్ మధ్య గొంతుక్కూచుని
బొటనవేలు నేలలోకి నొక్కి
ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకుని
"ఓదా," అన్నాడు.
తల అడ్డంగా ఊపుతూ మళ్ళీ, "ఓదా."

ఓడా?
ఓడతామంటున్నాడా?
డబ్బు తీసుకుని, దిగీ దిగగానే?
తాతారావు ముఖం మాడిన అట్టయింది.
సోమలింగం భుజం మీది తువ్వాలు దులిపి
"నే చెప్పలా," అన్నాడు.

అప్పుడు చెరువు గట్టు మీంచి ఒక గొంతు.
ఐస్ దిమ్మలు మోసే కుర్రాడు,
రెండేళ్ళుగా మేం "ఒరే ఒరిస్సా" అని పిలిచేవాడు:
"తడి అంటన్నారండి.
చెరువు ఊట కింద నించి వస్తందంట.
రెండో ఇన్నింగ్స్‌కి బంతి లేవదంట.
టాస్ గెలిస్తే ముందు బ్యాటింగేనండి."

ఆయ్, వీడికింత తెలుగొచ్చా!
అంటే ఇన్నాళ్ళూ మేం అన్నవన్నీ విన్నాడా!
ఆయన వాడి వైపు తిరిగి గడగడా ఏదో చెప్పాడు.
వాడు నవ్వాడు. వాడి పళ్ళు మేం చూడ్డం అదే మొదలు.

రోలరు కోసం వెళ్ళింది మాత్రం ఏసుబాబు.
ఎవరూ చెప్పలేదు. వెళ్ళాడు.
ఇసక రెండు తట్టలు పోసి, లాగుతూ
ఆయన మడమల దాకా వచ్చినా ఆపలేదు.
ఆయనే పక్కకి జరిగాడు.

రాత్రి స్కోరు పుస్తకం తెరిస్తే
బౌలర్ల గడిలో "ఒరిస్సా" అని నా చేతి రాతే.
కొట్టేసి, లాంతరు పట్టుకుని వెళ్ళి
కుర్రాణ్ణి లేపి అడిగాను.
బైరాగి స్వాయిన్.
ఒక్కో అక్షరం పలికించుకుని రాశాను.
సగం దారిలో గుర్తొచ్చింది,
లేపినవాడి పేరు అడగలేదని.

వెనక్కి తిరిగితే
ఐస్ ఫ్యాక్టరీ వెనక గోడకి బంతి తగులుతున్న చప్పుడు.
ఎడమ చెయ్యో, కుడి చెయ్యో,
చీకట్లో చప్పుణ్ణి బట్టి చెప్పలేం.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.
పంతొమ్మిది దాటాక ఆపేశాను.